జాబితాలో తెరేసమ్మ పేరు

శీతాకాల సమావేశాల చివరి రోజు ఉదయం పది గంటలకు నలభై ఆరు పేజీల బిల్లు ఒకటి శాసనసభ్యుల బల్లల మీదికి వచ్చింది. ముందు రోజు పంచిన ఎజెండాలో దాని ఊసు లేదు. ఇంగ్లీషులో ఉంది, తెలుగు ప్రతి తర్వాత ఇస్తామన్నారు. చదువుకోవడానికి రెండు రోజులైనా కావాలని, సెలెక్ట్ కమిటీకి పంపాలని ప్రతిపక్షం అడిగింది. పేదవాడికి మేలు చేయడానికి కూడా మీ అనుమతి కావాలా అని మంత్రి అడిగారు. భోజన విరామానికి ముందే మూజువాణి ఓటుతో బిల్లు పాసైంది. అప్పటికి ప్రతిపక్షం బయట మెట్ల మీద, కెమెరాల ముందు ఉంది.

ఆ రెండున్నర గంటలూ తెరేసమ్మ కొత్తలంకపాడులో కరకట్టకి ఆనుకుని ఉన్న ఎకరం ముప్పై సెంట్ల కంద చేలో బోదె గట్టుకి పడిన గండి పూడుస్తోంది. ఎలుకలు తవ్విన గండి. నీళ్లు పక్కవాళ్ల అరటి తోటలోకి పోతున్నాయి. ఆమె వయసు నలభై తొమ్మిది. బిల్లు తన గురించేనని ఆమెకి సాయంత్రం దాకా తెలియదు.

చెప్పింది కూతురు శాలిని. విజయవాడ వన్ టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ చేస్తుంది, రోజూ బస్సులో వెళ్లి వస్తుంది. ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ఫోను ముందుకు పెట్టింది.

"అమ్మా, కౌలుదారులకి చట్టం వచ్చింది. అయిదేళ్ల దాకా నిన్ను ఆ చేలోంచి ఎవరూ కదిలించలేరు."

"నన్ను ఎవరు కదిలిస్తన్నారిప్పుడు?" అంది తెరేసమ్మ, బియ్యంలో రాళ్లేరుతూ.

శాలిని చదివి చెప్పింది. సాగుదారుల నమోదు బిల్లు. గడచిన మూడేళ్లలో ప్రభుత్వం రాసిన ఏ పంట జాబితాలోనైనా ఒక చేనుకి ఎదురుగా ఎవరి పేరు ఉంటే వాళ్లే ఆ చేనుకి కౌలుదారు. దరఖాస్తు అక్కర్లేదు. యజమాని సంతకం అసలే అక్కర్లేదు. పేర్లు గ్రామ సచివాలయం గోడకి అంటిస్తారు, వారంలో గ్రామసభ పెట్టి ఖాయం చేస్తారు.

"ఏ జాబితాలోనైనా అంటే?" తెరేసమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏదైనా. ఈ-పంట, ఎరువుల లిస్టు, నష్టపరిహారం..."

"వరద లిస్టూనా?"

"అదీ."

గోడకి ఆనుకుని కూర్చున్న భర్త అంతోని నవ్వాడు. ఊళ్లో వాళ్ల ట్రాక్టర్లు తోలతాడు. ప్రతి విషయానికీ ముందు నవ్వి తర్వాత ఆలోచించే మనిషి. "ఇంకేందే, ఎకరం ముప్పైకి ఆసామివయ్యావు. రేపట్నుంచి నాకు జీతం ఇచ్చి పెట్టుకో."

తెరేసమ్మ నవ్వలేదు. చేటలో ఏరిన రాళ్లు మళ్లీ బియ్యంలో పోసేసింది. అది గమనించింది శాలిని ఒక్కతే.

ఆమె భయం అర్థం కావాలంటే ఆ చేను ఆమె చేతికి ఎలా వచ్చిందో తెలియాలి. చేను పద్మావతమ్మది. ఆమెకి డెబ్బై నాలుగేళ్లు. భర్త పోయాక ఊళ్లో ఇల్లు అమ్మేసి పటమటలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉంటోంది. పిల్లల్లేరు. ఆమె అన్న కొడుకు లక్ష్మీకాంత్ మంచీ చెడ్డా చూస్తాడు. గవర్నర్‌పేటలో అతనికి ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది.

పద్నాలుగేళ్ల కిందట పాత కౌలుదారు చేను వదిలేసిన ఏడాది, నాట్ల కూలీకి వెళ్లే తెరేసమ్మ ఒక ఆదివారం పూజ అయ్యాక చర్చి నుంచి నేరుగా బస్సెక్కి పటమట వెళ్లింది. చేను నాకివ్వండి అమ్మగారూ అని అడిగింది. ఆడమనిషివి, నీ పేరున ఎట్లా ఇచ్చేదని పద్మావతమ్మ అడగలేదు. పసుపు వేస్తావా, కంద వేస్తావా అని మాత్రమే అడిగింది. అప్పట్నుంచి ప్రతి ఉగాదికీ తెరేసమ్మ ఒక అరటి గెల తీసుకుని పటమట వెళ్తుంది. పద్మావతమ్మ ఉగాది పచ్చడి చేతిలో పెట్టి "ఈ ఏడూ చేసుకో తెరేసా" అంటుంది. కౌలు పత్రం అంటే ఆ మాటే. ఇంకో కాగితం లేదు.

డెల్టాలో చాలా కౌళ్లు ఇంతే. మాట మీద నడుస్తాయి. ఒకే మనిషి ఎక్కువ కాలం ఒకే చేలో ఉంటే హక్కు అడుగుతాడన్న భయంతో రెండు మూడేళ్లకోసారి కౌలుదారుల్ని మార్చే యజమానులే ఎక్కువ. పంట నమోదు కూడా యజమాని పేరునే చేయిస్తారు. తెరేసమ్మ కూడా పద్నాలుగేళ్లూ పద్మావతమ్మ పేరే రాయించింది. ఒక్కసారి తప్ప.

రెండేళ్ల కిందట వరదకి కరకట్ట లోపలి పొలాలన్నీ నాలుగు రోజులు నీళ్లలో ఉన్నాయి. కోతకొచ్చిన అరటి కుళ్లిపోయింది. నష్టం రాయడానికి మనుషులు వచ్చినప్పుడు తెరేసమ్మ అలవాటుగా అమ్మగారి పేరు చెప్పబోయి, ముందు ఒకసారి ఫోన్ చేసింది. "పోయింది నీ పంట కదమ్మా, నా పేరెందుకు? నీ పేరే రాయించుకో" అంది పద్మావతమ్మ. ఊళ్లో అలా అన్న యజమానులు తక్కువ. ఆ మాట తెరేసమ్మ పది మందికి చెప్పుకుంది.

ఇప్పుడు ఆ పేరే సచివాలయం గోడకి ఎక్కుతుంది. అమ్మగారి మంచితనం అమ్మగారి మీదికే సాక్ష్యంగా వస్తుంది. యజమానికి తెలియకుండా జాబితాలో దూరిన మనిషిగా తెరేసమ్మ కనబడుతుంది.

"నువ్వేం తప్పు చేశావని?" అంది శాలిని.

"తప్పు చేస్తేనే భయపడతామా?"

నాలుగో రోజుకి బిల్లు చట్టమైంది. అయిదో రోజు మధ్యాహ్నం జాబితా గోడకి అంటించారు. నలభై ఒక్క పేర్లు. తెరేసమ్మది ఇరవై ఆరోది. అప్పటికే ఊళ్లో ఫోన్లు మోగుతున్నాయి. యజమానుల్లో సగం మంది విజయవాడలో, హైదరాబాదులో ఉంటారు. ఒక్కొక్కరూ ఒక్కో రకంగా అడుగుతున్నారు. ఒకాయన తన కౌలుదారుని "ఏరా, ఎప్పట్నుంచి ప్లాను?" అన్నాడట. ఇంకొకాయన మినుము తీసేదాకా ఆగి తర్వాత మాట్లాడదామన్నాడట. ఆ మాట విన్నవాడికి ఆ రోజు అన్నం సహించలేదు.

తెరేసమ్మకి ఫోన్ రాలేదు. పద్మావతమ్మ ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తుంది. చేను సంగతి కంటే మోకాళ్ల నొప్పుల సంగతే ఎక్కువ మాట్లాడుతుంది. ఆ ఆదివారం చేయలేదు. తెరేసమ్మ ఫోను కొంగున ముడేసుకుని తిరిగింది. రెండుసార్లు అంతోని ఫోను నుంచి తన ఫోనుకి తనే చేసి చూసుకుంది, పనిచేస్తోందో లేదోనని.

సోమవారం పొద్దున్నే బస్సెక్కింది. సంచిలో లేత తోటకూర కట్టలు నాలుగు, ములక్కాడలు. కంకిపాడు దాటాక సీటు దొరికినా కూర్చోలేదు. ఏం చెప్పాలో మనసులో మూడు రకాలుగా అనుకుంది. పటమటలో దిగేసరికి మూడూ మర్చిపోయింది.

తలుపు తీసింది లక్ష్మీకాంత్. షాపు వేళలో అతను ఇక్కడ ఉండడం తెరేసమ్మ ఎప్పుడూ చూడలేదు.

"రామ్మా. నీ గురించే అనుకుంటున్నాం."

పద్మావతమ్మ సోఫాలో కాళ్ల కింద పీట వేసుకుని కూర్చుని ఉంది. "తెరేసా, టిఫిన్ తిన్నావా?" అంది. ఎప్పుడూ అడిగేదే. కానీ తెరేసమ్మ మొహం వంక చూడలేదు.

"అమ్మగారూ, ఆ పేరు నేను రాయించుకున్నది కాదు. మీరు అంటేనే..."

"నాకు గుర్తుందమ్మా. మతిపోలేదు నాకు."

"ఎవరూ నిన్ను దొంగ అనట్లేదమ్మా," అన్నాడు లక్ష్మీకాంత్. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మా నాన్న వైపు ఇంకో అత్తయ్య పొలం ఇరవై రెండేళ్లు కోర్టులో ఉంది. కౌలుదారుడు మంచివాడే. వాడు పోయాక కొడుకులొచ్చారు. అత్తయ్య పోయేదాకా ఆ పొలం అమ్ముకోలేకపోయింది. ఈవిడకి ఉన్నది ఆ ఎకరం ముప్పై. రేపు ఆసుపత్రి ఖర్చు వస్తే ఏం అమ్మాలి? చట్టం చేసేముందు మమ్మల్ని అడిగారా?"

"మమ్మల్నీ అడగలేదండీ," అంది తెరేసమ్మ.

 లక్ష్మీకాంత్ టీపాయ్ మీద ఉన్న కవర్లోంచి ఒక కాగితం తీశాడు. టైపు చేసి సిద్ధంగా ఉంది. అతనే చదివాడు. ఫలానా సర్వే నంబరులో నేను రోజు కూలీగా పనిచేస్తున్నాను, నాకు ఆ భూమి మీద గానీ పంట మీద గానీ ఏ హక్కూ లేదు, వరద జాబితాలో నా పేరు పొరపాటున పడింది. కింద తెరేసమ్మ పేరు, సంతకానికి ఖాళీ.

"లాయరు గారు రాసిచ్చారు. అందరూ ఇదే చేస్తున్నారు. సంతకం పెట్టు, ఎప్పట్లాగే చేసుకో. ఏం మారదు."

"పంట మీద కూడా లేదని రాశారండీ."

"అది మామూలుగా రాసేదే."

"కంద ఇంకా నేలలో ఉందండీ. ఫిబ్రవరి చివరికి గానీ రాదు."

"ఉంటే? ఎవరు తీసుకుంటారు నీ కంద?"

తెరేసమ్మ పద్మావతమ్మ వైపు చూసింది. ముసలావిడ తోటకూర కట్ట విప్పి ఆకులు తిరగేస్తోంది. "నాకు నీ మీద నమ్మకం లేక కాదే," అంది చివరికి. "వీడు లేకపోతే నాకు ఎవరున్నారు చెప్పు. గ్రామసభ శుక్రవారం అంటగా. అప్పటిదాకా ఆలోచించుకో."

కాగితం మడిచి తోటకూర సంచిలో పెట్టుకుని తెరేసమ్మ తిరిగి బస్సెక్కింది. ఎప్పుడూ పద్మావతమ్మ పెట్టే కాఫీ ఆ రోజు ఎవరూ పెట్టలేదు. పెట్టలేదని ఆ అత్తకీ మేనల్లుడికీ గుర్తులేదేమో కూడా.

మంగళవారం జయకృష్ణ ఇంటికి వచ్చాడు. ప్రతిపక్ష పార్టీకి మండలంలో పెద్ద. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. బయట మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు.

"తెరేసమ్మా, గురువారం విజయవాడలో ప్రెస్ మీట్ పెడుతున్నాం. మేం ఎన్ని మాట్లాడినా రాజకీయం అంటారు. నీలాంటి మనిషి వచ్చి మమ్మల్ని ఒక్కరూ అడగలేదు, ఈ చట్టం వల్ల నాకు ఇబ్బంది వచ్చింది అని రెండు ముక్కలు చెబితే చాలు. కారు పంపిస్తా."

"ఏమని చెప్పమంటారు?"

"ఉన్నదే చెప్పు. కౌలుదారుల్ని కూర్చోబెట్టి మాట్లాడారా? లేదు. ఊళ్లలో ఒక్క సమావేశం పెట్టారా? లేదు. నలభై ఆరు పేజీలు, రెండున్నర గంటలు. వరద లిస్టుని పట్టుకుని హక్కు అంటే ఎక్కడైనా నిలబడుద్దా? ఒక్క కౌలుదారుని అడిగుంటే చెప్పేవాడు కదా, ఇట్లా రాస్తే మమ్మల్ని ముందు చేలోంచి తీసేస్తారని."

అతను చెప్పిన ప్రతి మాటా నిజమే. తెరేసమ్మకి ఇబ్బంది అక్కడే వచ్చింది. అబద్ధమైతే పొమ్మనేది.

"మీరున్నప్పుడు అసైన్డ్ భూముల చట్టం తెచ్చారే, అప్పుడు అడిగారా జయకృష్ణ గారూ?" అన్నాడు అంతోని లోపల్నుంచి.

జయకృష్ణ నవ్వాడు. "అప్పుడు వీళ్లు వాకౌట్ చేశారు. ఇప్పుడు మేం చేశాం. నువ్వు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆ ట్రాక్టరు మీదే ఉన్నావు." తర్వాత తెరేసమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పేరు వేయొద్దంటే వేయం."

"మొహం కనబడిద్ది కదండీ."

"కనబడకుండా తీయమని చెప్తా."

"గొంతు మా అమ్మగారికి తెలుసండీ," అంది తెరేసమ్మ.

అతను వెళ్లాక శాలిని తల్లి మీద కోపం తెచ్చుకుంది. చట్టం నీ వైపు ఉంది, నువ్వే దాన్నుంచి పారిపోతున్నావు అంది. సంతకం పెట్టొద్దు, ప్రెస్ మీట్‌కీ వెళ్లొద్దు, జాబితాలో పేరు అలాగే ఉండనీ, అయిదేళ్లు హాయిగా ఉండొచ్చు అంది.

"ఆ తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత."

"నీకు ఇరవై నాలుగేళ్లు, నీకు అయిదేళ్లు ఎక్కువే. నేను ఈ ఊళ్లో ఇంకెవరి చేను అడగాలన్నా ఆమె చేను ఎట్టా పట్టుకున్నావో చెప్పమంటారు. అయిదేళ్లకి ఆశపడి మిగతా అంతా పోగొట్టుకోనా?"

 శాలిని పనిచేసే షాపులో ఏడాదికోసారి ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారు, అందరితో పాటు తనూ పెడుతుంది. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

గురువారం తెరేసమ్మ ప్రెస్ మీట్‌కి వెళ్లలేదు. శుక్రవారం సచివాలయం ముందు షామియానా వేశారు. తహసీల్దారు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. వ్యవసాయ సహాయకుడు పవన్‌కుమార్ ట్యాబ్ పట్టుకుని కూర్చున్నాడు. కుర్రవాడు. మూడు రోజులుగా నిద్రలేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పక్క మూడు ఊళ్లకి కూడా అతనే. యజమానులు కొందరు కార్లలో వచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్నారు. లక్ష్మీకాంత్ వచ్చాడు. పద్మావతమ్మ రాలేదు.

పేర్లు పిలవడం మొదలైంది. మొదటివాడు లేచి "నేను కూలినండీ" అన్నాడు. రెండోవాడు "కూలినే". మూడో ఆయన కూర్చునే "కూలి" అన్నాడు. పవన్‌కుమార్ వేలు నొక్కుతూ పోయాడు. పదిహేనో పేరు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు.

"మా ఊళ్లో కౌలుదార్లు ఎవరూ లేరండీ. పైన రాసుకోండి. పంటలు వాటంతటవే పండుతన్నాయి."

అందరూ నవ్వారు. యజమానులూ నవ్వారు. తహసీల్దారు ఆఫీసు మనిషి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. తెరేసమ్మ మాత్రం వేళ్ల మీద లెక్క పెట్టుకుంటోంది, ఇంకా ఎన్ని పేర్లకి తనదో.

"తెరేసమ్మ, భర్త అంతోని."

లేచింది. కాగితం జాకెట్లో ఉంది, సంతకం పెట్టి ఉంది. పొద్దున్నే పెట్టింది. కూలిని అని కాగితం ఇచ్చేయడమే పని. చెయ్యి అటు పోలేదు.

"కూలేనా అమ్మా?" అన్నాడు పవన్‌కుమార్ తలెత్తకుండా.

"కాదయ్యా."

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"మరి కౌలుదారేనా?"

"చేను అమ్మగారిది. అమ్మగారు వదలమన్న రోజు వదిలేస్తా, దాని మీద నాకేం పేచీ లేదు. కంద మాత్రం నాది. విత్తనం నాది, చాకిరీ నాది. పద్నాలుగేళ్లలో ఒక్క రోజు ఆ చేలో నేను కూలి తీసుకోలా. తీసుకున్నానని నోటితో ఎట్టా చెప్పేది? అట్టా రాసుకో."

పవన్‌కుమార్ ట్యాబ్ వంక చూశాడు. "అట్లా లేదమ్మా ఇందులో. కౌలుదారు, కూలి, పేరు తప్పు. మూడే ఉన్నాయి. ఏదో ఒకటి నొక్కాలి."

"నువ్వే చూడు బాబూ, నా కంద నువ్వెరగవా? తెగులొస్తే మందు రాసిచ్చింది నువ్వు కాదూ?"

అతను తహసీల్దారు ఆఫీసు మనిషి వైపు చూశాడు. ఆయన వాచీ చూసుకుని "పెండింగ్ పెట్టు, ముందుకు పోదాం" అన్నాడు. లక్ష్మీకాంత్ లేచి ఎవరితోనూ మాట్లాడకుండా కారు దగ్గరికి వెళ్లిపోయాడు. అతను తిట్టి ఉంటే తెరేసమ్మకి కొంచెం నయంగా ఉండేది.

ఊళ్లో నలభై ఒక్క పేర్లలో ముప్పై ఎనిమిది మంది కూలీలయ్యారు. ఇద్దరు కౌలుదారులుగా తేలారు, ఆ ఇద్దరూ యజమానుల సొంత తమ్ముళ్లు. ఒకటి పెండింగ్. మర్నాడు టీవీలో మంత్రి లెక్క చెప్పారు. రాష్ట్రమంతటా గ్రామసభల్లో కౌలుదారుల నుంచి అభ్యంతరాలు నామమాత్రంగా కూడా రాలేదని, చర్చ జరగలేదన్న ప్రతిపక్షానికి ప్రజలే సమాధానం చెప్పారని అన్నారు. దాని మీద ప్రతిపక్షం ఇంకో ప్రెస్ మీట్ పెట్టింది. ఆ రెండు వార్తలూ పేపర్లో పక్కపక్కనే వచ్చాయి. శాలిని చదివి వినిపిస్తే తెరేసమ్మ "ముప్పై ఎనిమిది మంది సంగతి ఎక్కడుంది?" అని అడిగింది. లేదు.

జనవరి మొదటి వారంలో పవన్‌కుమార్ మూడుసార్లు చేను దగ్గరికి వచ్చాడు. మండలం మొత్తంలో పెండింగ్ ఇదొక్కటేనట. రోజూ పైనుంచి అడుగుతున్నారట.

"పన్నెండో తారీకున జాయింట్ తనిఖీకి వస్తారమ్మా. తహసీల్దారు గారు, మా పైవాళ్లు, యజమాని తరఫు మనిషి. నిలబడ్డ పంట ఎవరిదో తేలుస్తారు. తేలేదాకా పంట తీయనివ్వరు. ఎన్నాళ్లు పట్టుద్దో నాకు తెలీదు. వాళ్లు కేసు వేశారంటే ఇక చెప్పక్కర్లేదు."

"తీయనివ్వకపోతే కుళ్లిపోద్ది."

"నాకు తెలుసమ్మా. నేను చట్టం రాయలేదు."

తెరేసమ్మ గట్టు మీద కూర్చుంది. కంద ఆకు ఇప్పుడిప్పుడే అంచుల్లో పసుపెక్కుతోంది. కాడ పడిపోయి ఎండాకే గడ్డ పూర్తి బరువు తూగేది. 

"వాళ్లు వచ్చేసరికి చేలో పంట లేదనుకో. అప్పుడేం రాస్తారు?"

పవన్‌కుమార్ ట్యాబ్ తెరిచాడు. తనిఖీ ఫారంలో వెతికాడు. "సాగు లేదు అని ఒకటుంది. అది నొక్కితే జాబితాలో పేరు దానంతటదే పోద్ది. పంట లేని చేనుకి సాగుదారు ఎవరూ ఉండరు కదా." చెప్పాక అతనికి అర్థమైంది. "అమ్మా, ఇంకా రెండు నెలలుంది. ఇప్పుడు తవ్వితే మూడో వంతు బరువు పోద్ది."

"పోనీ."

ఇంట్లో అంతోని మొదటిసారి నవ్వకుండా విన్నాడు. నీకు పిచ్చిపట్టింది అన్నాడు. మర్నాడు తెల్లారేసరికి మాత్రం ట్రాక్టరు యజమానిని అడిగి ట్రాక్టరూ ట్రక్కూ తెచ్చి చేను దారిలో పెట్టాడు. గునపాలు పట్టుకుని తొమ్మిది మంది ఆడవాళ్లు దిగారు. వాళ్లలో నలుగురు గ్రామసభలో కూలినని చెప్పిన కౌలుదారులే. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఒకామె మాత్రం "ఇవాళ నిజంగానే కూలికొచ్చాం" అంది. కాసేపు నవ్వుకున్నారు.

గడ్డలు చిన్నగా ఉన్నాయి. మట్టి దులిపి చూస్తే అంచులు ఇంకా గులాబీ రంగులో మెత్తగా ఉన్నాయి. చేతిలోకి తీసుకున్న ప్రతి గడ్డనీ తెరేసమ్మ ఒకసారి తూచినట్టు పట్టుకుని గట్టు మీద పెట్టింది. కాసేపటికి తూచడం మానేసింది. కరకట్ట మీద ఏ కారు చప్పుడైనా తల ఎత్తి చూస్తోంది.

రెండో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. పద్మావతమ్మ. ఆదివారం కాదు.

"తెరేసా, కంద తవ్వేస్తున్నావంట?"

"అవునమ్మగారూ."

"లేతది ఎవరు కొంటారే? ఏమిటి నీకంత తొందర?"

"పన్నెండో తారీకు వస్తన్నారంటమ్మగారూ. చేను ఖాళీగా ఉంటే నా పేరు పోద్దంట. మీకూ ఇబ్బంది ఉండదు. నేను కూలినని చెప్పక్కర్లేదు."

 లైను కట్ అయిందేమోనని తెరేసమ్మ ఫోను చెవి నుంచి తీసి చూసింది. కాలేదు.

"లక్ష్మీకాంత్‌కి చెప్తాను," అంది పద్మావతమ్మ.

ఏం చెబుతుందో అనలేదు. ఉగాది సంగతి ఎత్తలేదు. తెరేసమ్మ అడగలేదు. అడిగితే ముసలావిడ ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. చెప్పనంతవరకూ కాదనలేదు కదా అనుకుంది. మోకాళ్లు ఎట్టా ఉన్నాయమ్మగారూ అని అడిగింది. అలాగే ఉన్నాయి అంది ఆవిడ.

సాయంత్రానికి వ్యాపారి నాని మినీ లారీ తెచ్చాడు. గడ్డలు చూసి పెదవి విరిచాడు. గోరుతో ఒకదాన్ని గిచ్చాడు.

"పాలు కారుతన్నాయి అత్తా. ఇంత లేతది మార్కెట్లో నేనేం చెప్పి అమ్మేది? నీకేం రోగం వచ్చింది, పక్కోళ్లెవరూ తవ్వట్లా?"

"నీ రేటు చెప్పు."

చెప్పాడు. తెరేసమ్మ బేరం ఆడలేదు. అది చూసి నానికే ఇబ్బందిగా అనిపించి కొంచెం పెంచాడు. మనుషులు గడ్డలు మోసి లారీలో పోస్తున్నారు. చేను సగం పైగా ఖాళీ అయింది. తవ్విన గుంటల్లో మట్టి తడిగా, నల్లగా ఉంది. రేపు పొద్దున్నకి మిగతాదీ అయిపోతుంది. పన్నెండుకి ఇంకా నాలుగు రోజులుంది.

చింతచెట్టు కింద విడిగా ఒక కుప్ప ఉంది. చిన్నవి, గుండ్రంగా ఉన్నవి, మొలకెత్తే కన్ను బాగా ఉన్నవి తెరేసమ్మ తనే ఏరి పెట్టింది. మే నెలలో మళ్లీ నేలలో పెట్టాల్సిన విత్తనం. ఏ నేలలో అన్నది ఉగాది దాకా తెలియదు. ఉగాదికైనా తెలుస్తుందో లేదో తెలియదు. విత్తనం గడ్డకి మామూలు గడ్డ కంటే మంచి రేటు ఉంటుంది.

నాని ఆ కుప్ప దగ్గరికి వెళ్లి కాలితో ఒక గడ్డని తిప్పి చూశాడు.

"ఇవి బాగున్నాయి. ఎటూ చేను వదిలేస్తన్నావంటగా, ఊళ్లో అనుకుంటన్నారు. ఇవీ వేసెయ్యి అత్తా. లారీలో చోటుంది."

అంతోని తెరేసమ్మ వైపు చూశాడు. తవ్వే ఆడవాళ్లు గునపాలు ఆపారు. డబ్బు అవసరమే. శాలినికి ఫోన్ చేసి అడగొచ్చు. చేసినా ఏమంటుందో తెలుసు.

"చెప్పత్తా, లారీకి ఆలస్యమవుద్ది."

తెరేసమ్మ కుప్ప దగ్గరికి వెళ్లి, అతని కాలి దగ్గరున్న గడ్డని తీసి మట్టి తుడిచి మళ్లీ కుప్ప మీద పెట్టింది. 

"అవి ఉండనీ," అంది. "వాటి మీద ఎండుగడ్డి కప్పాలి. నువ్వు లారీ తీసుకుపో."